తుంచడం, చింపడం, కత్తిరించడం: ఎండాకాలం సెలవుల్లో ఇంటి క్యాంపు

ఇంట్లో నడిపే సమ్మర్ క్యాంపు అంటే రోజూ ఒకే వేళకు, ఒకే చోట కూర్చోబెట్టి పిల్లల చేత ఒక చేతిపని చేయించి, ఒక ఆట ఆడించడం. అమెరికాలో బడి సెలవులు రాష్ట్రాన్ని బట్టి మే నెలాఖరులోనో జూన్‌లోనో మొదలై, సుమారు 10 వారాలు సాగుతాయి. 3 నుంచి 8 ఏళ్ళ లోపు పిల్లలకు అందులో రోజుకో గంట చాలు. మూడేళ్ళ పిల్ల పావుగంటకే లేచిపోతుంది, ఆమెను లేవనివ్వాలి. ఆరేళ్ళవాడు అరగంట కుదురుగా కూర్చుంటే అది మంచి రోజే.

తెలుగు ఇళ్ళలో ఈ గంటకు మరో ప్రయోజనం ఉంది. ప్రవాసంలో పెరిగే పిల్లలకు అమ్మమ్మ, పప్పు, పెరుగు, చెప్పులు వంటి మాటలు ఎలాగో వస్తాయి. క్రియలే సరిగ్గా రావు, ఎందుకంటే అవి పని చేస్తుంటే తప్ప వచ్చేవి కావు. ఇంగ్లీషులో ‘కట్’ అని సరిపెట్టుకునే చోట తెలుగులో కూరలు తరుగుతారు, కాగితం కత్తిరిస్తారు, చెట్టు నరుకుతారు, పువ్వు కోస్తారు. కొమ్మను విరిచి, ఆకును తుంచి, గుడ్డను చింపుతారు. ‘వాష్’ అన్న ఒక్క మాట చేసే పనికి గిన్నెలు తోమడం, బట్టలు ఉతకడం, చేతులు కడగడం అని వేరువేరు మాటలున్నాయి. తాతయ్యా నాయనమ్మలు వచ్చి ఉండే వేసవిలో ఈ మాటలన్నీ ఒక బల్ల చుట్టూ వినిపించే వీలు దొరుకుతుంది. ఏ పని చేయించినా ఆ పని మాటను పైకి అంటూ చేయించాలి.

మొదటి వారానికి పిండిముద్ద తగిన పని. 2 కప్పుల మైదా, 1 కప్పు మెత్తటి ఉప్పు కలిపి, దాదాపు ఒక కప్పు నీళ్ళు కొద్దికొద్దిగా పోస్తూ, చపాతీ పిండికన్నా గట్టిగా పిసకాలి. పసుపు వేస్తే రంగు నిలుస్తుంది. బీట్‌రూట్ రసం ముద్దలో ముచ్చటగా ఉన్నా ఓవెన్ వేడికి గోధుమరంగుకు తిరుగుతుంది. 250 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర రెండు మూడు గంటలు ఉంచితే బొమ్మ గట్టిపడుతుంది. ఏం చేయించాలన్నది పెద్ద సమస్య కాదు. పొయ్యి, రోలు, రోకలి, తిరగలి, చేట, చెంబు, ఇవన్నీ లక్కపిడతల లోకంలోవే. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాకలో అంకుడు కర్రను తిప్పుతూ, రంగు లక్కను అద్ది చేసే బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. కొండపల్లి బొమ్మల పద్ధతి వేరు. తేలికైన తెల్ల పొణికి కర్రతో తల, చేతులు, కాళ్ళు విడివిడిగా చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. పిల్లలూ ఎద్దుకు కొమ్ములు విడిగా చేసి, నీళ్ళలో జారుగా కలిపిన పిండితో అతికిస్తే అవి ఊడవు. ఇంట్లో ఏటికొప్పాక బొమ్మో, కొండపల్లి బొమ్మో ఉంటే ఆ రోజు దాన్ని అలమర నుంచి దించి పిల్లల చేతికివ్వాలి, అది విరిగినా సరే.

ముగ్గుకు కావలసిందల్లా సుద్దముక్క, ఇంటి ముందు సిమెంటు నేల. నాలుగేళ్ళ పిల్లలకు 3 చుక్కలు పెట్టి, సందు చుక్క 2 వరకు చాలు. నడుమ వరుసలో 3, పైనా కిందా 2 చొప్పున, మొత్తం 7 చుక్కలు. ఏడేళ్ళు వచ్చినవాళ్ళు 7 చుక్కలు, సందు చుక్క 4 వరకు పెట్టగలరు. 4, 5, 6, 7, 6, 5, 4 వరుసలను కూడితే 37 వస్తుంది. ముందు లెక్క అడిగి, తరవాత చుక్కలు పెట్టిస్తే కూడిక నోటితో కాక కంటితో తెలుస్తుంది. చుక్కలు కలిపే ముగ్గు మొదట, మెలికల ముగ్గు తరవాత రావాలి. బియ్యప్పిండితో వేయిస్తే బొటనవేలు, చూపుడువేలు కలిపి చిటికెడు పట్టే అలవాటు అవుతుంది, పెన్సిలు పట్టుకోవడానికీ ఆ వేళ్ళే కావాలి.

ఆటలకు బల్లలను పిల్లలే తయారు చేసుకోవాలి. వామనగుంటల పీటకు రెండు వరుసల్లో 7 చొప్పున 14 గుంటలుంటాయి. డజను గుడ్ల అట్టపెట్టెలో ఉండేవి 12. రెండు చిన్న గిన్నెలను చెరొక వరుస చివర అంటిస్తే లెక్క కుదురుతుంది. గుంటకు 5 చొప్పున 70 చింతపిక్కలు కావాలి. చింతపండు ఎక్కువగా గింజలు తీసేసే వస్తుంది కనుక, వాటి బదులు రాజ్మా గింజలు వాడవచ్చు. అష్టాచెమ్మాకు 5 వరుసల్లో 25 గళ్ళు గీసి, 4 గవ్వలు వేస్తారు. అన్నీ వెల్లకిలా పడితే చెమ్మా, అంటే 4. అన్నీ బోర్లా పడితే అష్టా, అంటే 8. గవ్వలు లేకపోతే పిస్తా డొప్పలు సరిగ్గా సరిపోతాయి. ఒక్క డొప్పను 50 సార్లు వేయించి, ఎన్నిసార్లు వెల్లకిలా పడిందో గీతలు పెట్టించడం కూడా ఒక పూట పనే.

తోలుబొమ్మలాటను రాత్రికి ఉంచుకోవాలి. శ్రీ సత్యసాయి జిల్లా నిమ్మలకుంటలో మేకతోలును పలచగా తీసి, చిన్న చిన్న రంధ్రాలు పొడిచి, రంగులు వేసి చేసే బొమ్మలకు పేరుంది. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. ఇంట్లో సీరియల్ అట్టపెట్టెను బొమ్మగా కత్తిరించి, నగల చోట రంధ్రాలు పొడిచి, మొన విరిచిన పుల్లకు అంటించి, దుప్పటి వెనక టార్చి వెలిగిస్తే చాలు. బొమ్మ దీపానికి దగ్గరైన కొద్దీ నీడ పెద్దదవుతుంది, అందుకే హనుమంతుడు పెరగాలంటే బొమ్మను వెనక్కి లాగాలి. నలుగురిలో తెలుగు మాట్లాడడానికి సిగ్గుపడే పిల్ల దుప్పటి చాటున, కోతి గొంతుతో, తడుముకోకుండా మాట్లాడడం తరచు కనిపిస్తుంది. ఈ వ్యాసంలోని పనుల్లో ఒక్కటే ఎంచుకోవలసి వస్తే ఇదే ఎంచుకోవాలి.

పసుపు కాగితం వంటింటి పని. పసుపు నీళ్ళలో తెల్ల కాగితాన్ని ముంచి ఆరబెట్టి, వంటసోడా నీళ్ళలో కుంచె ముంచి దానిమీద రాయిస్తే అక్షరాలు ఎర్రబారతాయి. నిమ్మరసం అద్దితే మళ్ళీ పసుపవుతాయి. పసుపులోని కర్క్యుమిన్ క్షారం తగిలితే రంగు మారుతుంది. హారతిలో, దిష్టి తీయడంలో వాడే ఎర్రనీళ్ళు పసుపు, సున్నం కలిసి అయ్యేవే. చొక్కా మీద పడ్డ పులుసు మరక సబ్బు పెట్టగానే ఎర్రబడడమూ అందుకే.

ఆషాఢ మాసం జూన్, జూలైల్లో వస్తుంది కనుక గోరింటాకు కూడా ఈ సెలవుల్లోకే చేరుతుంది. ఆకు దొరకని ఊళ్ళలో పొడిని నిమ్మరసంతో తడిపి రాత్రంతా నాననిస్తారు. నిమిషాల్లో నల్లగా పండుతుందని అమ్మేవాటిలో జుట్టు రంగుకు వాడే రసాయనం ఉండవచ్చు, చర్మం పొక్కుతుంది. వాటిని పిల్లలకు పెట్టకూడదు.

మూడేళ్ళ లోపు పిల్లలున్న ఇంట్లో గవ్వలు, గింజలు, డొప్పలు ఎత్తుగా దాచాలి. బొమ్మలకు సంబంధించిన అమెరికా నిబంధనలు 1.25 అంగుళాల వెడల్పున్న గొట్టంలో పట్టే వస్తువును ఆ వయసుకు ప్రమాదకరంగా లెక్కిస్తాయి. పక్కింటి పిల్లలు వస్తే పిస్తా పడుతుందో లేదో వాళ్ళ అమ్మానాన్నలను ముందే అడగాలి. ఉప్పు ఎక్కువ కనుక పిండిముద్దను నోట్లో పెట్టుకోనివ్వకూడదు, కుక్కకు అందనివ్వకూడదు.

ఆరిన పిండిబొమ్మలు తేమకు మెత్తబడతాయి. ఒక్కోదాన్ని కాగితంలో చుట్టి, మూత బిగుతుగా ఉన్న డబ్బాలో పెడితే దసరాకో సంక్రాంతికో బొమ్మల కొలువు కింది మెట్టు మీదికి వస్తాయి. చేసినవాళ్ళ పేరు, సంవత్సరం బొమ్మ అడుగున తెలుగులో రాయించాలి.