తోమితే పోయే మచ్చ కాదది!

నల్లగొండ: పళ్ళ మీద గోధుమరంగు మచ్చలున్న కుర్రవాణ్ణి చూసి "వీడు మొగం కడుక్కోడా?" అని బయటి ఊరివారు అనుకోవటం ఈ జిల్లాకు కొత్త కాదు. పెళ్ళిచూపుల్లో నోరు విప్పి నవ్వటానికి జంకే ఆడపిల్లలున్నారు. ఆ మచ్చ పోవాలని ఒకరు ఇటుకపొడితో, ఒకరు బొగ్గుతో, మరొకరు ఉప్పుతో చిగుళ్ళు నెత్తురు కారేదాకా రుద్దుతారు. నాలుగు డబ్బులు చేతిలో ఉన్నవారు పళ్ళు తెల్లబడతాయని రాసివున్న పేస్టు కొని తెస్తారు. మచ్చ మాత్రం ఉన్నచోటే ఉంటుంది.

అది మురికి కాదు, గార కూడా కాదు. చిన్నతనంలో, సుమారు ఎనిమిదేళ్ళ వయసుదాకా, పళ్ళు చిగురు లోపల తయారవుతుంటాయి. ఆ రోజుల్లో తాగే నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువగా ఉంటే పంటి పైపొర సరిగా గట్టిపడదు. పన్ను బయటికి వచ్చేటప్పుడే సున్నం గీతల్లాంటి తెల్లచారలతో వస్తుంది. పోనుపోను అవి పచ్చగా, గోధుమరంగుగా మారతాయి. గుర్తుపట్టటం కష్టం కాదు. ఈ మచ్చలు కుడివైపు పంటి మీద ఎలా ఉంటే ఎడమవైపు జత పంటి మీదా దాదాపు అలాగే ఉంటాయి. పుచ్చు అలా జతగా రాదు, తిండి ఇరుక్కునే చోట గుంట చేస్తుంది.

మన దేశంలో ఈ జబ్బును డాక్టర్లు 1937లో అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో గుర్తించి రాశారు. తరువాత నల్లగొండ పేరే దీనికి గుర్తుగా మారింది. పటిక, సున్నం కలిపి నీటిలోని ఫ్లోరైడ్‌ను తగ్గించే విధానానికి నాగపూర్ శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు కూడా "నల్లగొండ పద్ధతి". తాగేనీటిలో లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటకూడదని, వేరే దారి లేనిచోట ఒకటిన్నర దాకా సరిపెట్టుకోవచ్చని ప్రభుత్వ ప్రమాణం. 2016లో మొదలైన మిషన్ భగీరథ కింద కృష్ణా నీరు పల్లెల నల్లాల్లోకి వచ్చింది. అయినా కొన్ని ఇళ్ళలో బోరు నీటి అలవాటు పోలేదు.

మరి ఇలాంటి చోట ఫ్లోరైడ్ ఉన్న పేస్టు వాడవచ్చా? పెద్దవారికి భయం లేదు. పళ్ళు ఏనాడో తయారైపోయాయి కనుక కొత్త మచ్చలు రావు. నురగ ఉమ్మేస్తారు కనుక ఒంట్లోకి పోయేది స్వల్పం. పుచ్చును అడ్డుకోవటంలో ఆ పేస్టు మేలైనదే. ఎముకలు, కీళ్ళు పట్టేసి బాధపడుతున్నవారు మాత్రం డాక్టరును అడిగి వాడటం మంచిది.

చిక్కంతా పిల్లలతోనే. పేస్టు తియ్యగా ఉంటుంది, ఉమ్మటం చేతకాదు, మింగేస్తారు. పేస్టులో ఫ్లోరైడ్ 1000 పి.పి.ఎం. మించరాదని చట్టం. అంటే గ్రాము పేస్టులో ఒక మిల్లీగ్రాము. ప్రకటనల్లో చూపినట్టు బ్రష్షు నిండా పెడితే ఇంచుమించు గ్రాము అవుతుంది. అదంతా మింగిన పిల్లవాడు, హద్దు మీదున్న నీరు ఒక లీటరు తాగినంత ఫ్లోరైడ్ మింగినట్టే. పైగా తాగే నీరు బోరుదైతే ఆ భారం అదనం. కాబట్టి బోరు నీరు తాగే ఇళ్ళలో, ఉమ్మటం రాని పసివాళ్ళకు ఫ్లోరైడ్ లేని పేస్టే మేలు. ఉమ్మటం నేర్చాక బఠాణీ గింజంత చాలు. అది కూడా పెద్దవాళ్ళు దగ్గరుండి, తామే పెట్టివ్వాలి. గొట్టం పిల్లల చేతికి అందకుండా గూట్లో పెట్టాలి.

ఫ్లోరైడ్ ఎంత ఉందో గొట్టం మీదా, అట్టపెట్టె మీదా అచ్చువేయాలని నిబంధన ఉంది. చదువుకున్న పిల్లలచేత చదివించుకుంటే తెలిసిపోతుంది. గొట్టం చివర ఆకుపచ్చ గీత ఉంటే మూలికల పేస్టనీ, నల్లగీత ఉంటే మందుల పేస్టనీ ఒక మాట ఊళ్ళలో తిరుగుతోంది. అందులో నిజం లేదు. గొట్టాన్ని ఎక్కడ కోయాలో యంత్రానికి తెలిపే గుర్తు అది. నురగ ఎక్కువ వస్తే ఎక్కువ శుభ్రమన్నదీ భ్రమే.

వేపపుల్లను తీసిపారేయనక్కరలేదు. కొసను మెత్తగా నమిలి, చిగుళ్ళు గీసుకోకుండా తోముకుంటే పాచి పోతుంది. పుచ్చును ఆపే ఫ్లోరైడ్ మాత్రం అందులో దొరకదు. ఇటుకపొడి, బొగ్గు, గరుకు పళ్ళపొడి పైపొరను అరగదీస్తాయి. ఫ్లోరైడ్ వల్ల ముందే బలహీనపడిన పన్ను అయితే మరీ త్వరగా అరిగి, చల్లనీళ్ళు తగిలినా జివ్వుమంటుంది. అప్పుడు పొటాషియం నైట్రేట్ కలిసిన పేస్టు కొన్ని వారాలు వాడితే జివ్వుమనటం తగ్గుతుంది. పొగాకు కలిపిన పేస్టులు, పళ్ళపొడులను ప్రభుత్వం 1992లోనే నిషేధించింది. పంటినొప్పికి పొగాకు పొడి అద్దేవారు ఇప్పటికీ ఉన్నారు. అది నోటి క్యాన్సర్‌కు దారి.

మచ్చలే మనసుకు బాధగా ఉంటే దంతవైద్యుడి వద్ద ఉపాయాలున్నాయి. మచ్చ పైపైన ఉంటే పొరను పలుచగా అరగదీసి తీసేస్తారు. లోతుగా ఉంటే పంటిరంగు పదార్థంతో పైన కప్పుతారు. బజారుకు పోయి ఇంకో పేస్టు కొనేముందు ఒకసారి ప్రభుత్వాసుపత్రి దంతవైద్యుడికి పళ్ళు చూపించుకుంటే, ఉన్నది ఫ్లోరైడ్ మచ్చో, గారో, పుచ్చో తేలిపోతుంది.