వ్రేలిముద్రకు కావలి

మైలవరము సబ్‌రిజిస్ట్రారు కార్యాలయములో పొలము వ్రాయించుకొన్న రైతు, దస్తావేజును ఇనుపపెట్టెలో భద్రపరచును. ఆ కాగితముపై తాను వేసిన వ్రేలిముద్రను గూర్చి మాత్రము మరల తలపడు. 2018 జూన్‌లో తెలంగాణములోని పెద్దపల్లి జిల్లాకు చెందిన ఒక సిమ్ కార్డుల వ్యాపారిని పోలీసులు పట్టుకొనిరి. రిజిస్ట్రేషను శాఖ వెబ్‌సైటులోని దస్తావేజుల నకళ్ళనుండి ఆధార్ సంఖ్యలను, వ్రేలిముద్రలను సేకరించి, రబ్బరు స్టాంపులు చేయు పద్ధతిలో ముద్రలకు అచ్చులు తీసి, పరుల పేర సిమ్ కార్డులు ప్రారంభించెనని వారు వెల్లడించిరి. తరువాత ఇట్టి అచ్చులతో బ్యాంకు ఖాతాలనే ఖాళీ చేసిన ముఠాలును పట్టుబడినవి.

ఇది ఎట్లు సాధ్యమని మీరడుగవచ్చును. గ్రామములో బ్యాంకు ప్రతినిధి చిన్న యంత్రముపై సొమ్ము చెల్లించుటకు ఆధార్ సంఖ్య, బ్యాంకు పేరు, వ్రేలిముద్ర చాలును. పాసుపుస్తకముతోగాని, ఓ.టి.పి.తోగాని పనిలేదు. బ్యాంకు వరకు ఆటోలో పోజాలని అవ్వకు ఇది గొప్ప సౌకర్యమే; దొంగకును అంతే. యంత్రముపై పెట్టినది నిజమైన వ్రేలో, అచ్చో కనిపెట్టు ఏర్పాటును ఆధార్ సంస్థ 2023లో చేర్చినది. అయినను మన జాగ్రత్త మనకుండవలెను.

ఆధార్ యాప్‌లోగాని, వెబ్‌సైటులోగాని మన వ్రేలిముద్రకు తాళము వేసికొనవచ్చును. ఫోను నంబరు ఆధార్‌తో జతపడి యుండవలెను. ఇందొక చిక్కున్నది: తాళము తీయనిదే పింఛను దినమునను, రేషను దుకాణమునను ఆ వ్రేలు పనిచేయదు. నెలనెలా వ్రేలు వేయవలసిన వృద్ధులకు తాళముకన్న, వారమునకొకమారు ఖాతా చూచిపెట్టు మనుమడు మేలని మా అభిప్రాయము.

పంచాయతీ సభ్యులు తమ గోడలనుగూడ చూచుకొనవలెను. లబ్ధిదారుల జాబితాను నోటీసు బోర్డుపై అంటించునపుడు ఆధార్ సంఖ్యలు అందుండరాదు. 2016 నాటి ఆధార్ చట్టము దానిని నిషేధించుచున్నది. నకలు ఇవ్వవలసివచ్చినచోట, మొదటి 8 అంకెలు మరుగుపరచిన ఆధార్ ప్రతి చాలునేమో ముందు అడుగుడు. జిరాక్సు దుకాణములో చెడిపోయిన ప్రతిని వదలి రావలదు.

సొమ్ము పోయినదని తెలిసిన గడియలోనే 1930 నంబరునకు ఫోను చేయవలెను. ఖాతాదారుని తప్పుగాని, బ్యాంకు తప్పుగాని లేక పరులవలన నష్టము కలిగినచో, బ్యాంకు సందేశమందిన 3 పనిదినములలో తెలిపినవారిపై ఆ నష్టము మోపరాదని రిజర్వు బ్యాంకు 2017లో నిబంధన చేసినది. చదువురానివారికి ఆ అర్జీ మీరే వ్రాసిపెట్టుడు. నకలుపై బ్యాంకు ముద్రను, తేదీని వేయించుడు.