అసలుది పెట్టరా!

న్యూజెర్సీలో అమ్మాయి ఇంట్లో ఉన్నప్పుడు మనవడు నాతో 'ఎంఎల్‌బీ ది షో' ఆడించాడు. బేస్‌బాల్ వీడియోగేమ్. వచ్చిన బంతల్లా కొట్టేస్తుంటే నా గొప్పే అనుకున్నా! తీరా చూస్తే వాడు నాకు 'డైరెక్షనల్' పెట్టాడట. అందులో సమయానికి మీట నొక్కడమే మన పని. మిగతాది ఆటే చూసుకుంటుంది.

"నన్ను గెలిపించకురా, అసలుది పెట్టు" అన్నా. 'జోన్' పెట్టాడు. ఎడమ బొటనవేలితో గుర్తుని బంతి వచ్చే చోటికి జరపాలి, కుడి వేలితో సరిగ్గా అప్పుడే నొక్కాలి. గంటకి 95 మైళ్ల బంతి మన దాకా రావడానికి అర సెకను కూడా పట్టదు. పదికి పదీ గాలినే కొట్టా.

"మార్చనా అమ్మమ్మా?" అన్నాడు జాలిగా. వద్దన్నా. నిజం ఆటలో పదింట మూడు కొడితే మొనగాడేనట, మరి నాకేం తొందర?

'ప్యూర్ అనలాగ్' అని ఇంకోటుంది. చిన్న పుల్లని వెనక్కి లాగి ముందుకి తోస్తే బ్యాట్ ఊగుతుంది. బావుంది గానీ నా వేళ్లకి పడలేదు. జోన్‌లోనే ఉండి, కష్టం స్థాయిని 'రూకీ'కి దించుకున్నా. బంతి నెమ్మదించింది, చూపు మాత్రం నాదే.

నాలుగోరోజు ఒకటి సెకండ్ బేస్ మీదుగా దూసుకుపోయింది. వాడు సోఫా మీంచి ఎగిరాడు, బంతి వేసింది తనేనన్న సంగతి మర్చిపోయి!