కుంచించుకుపోయిన మధ్యయుగ గ్రామాలు: మట్టి ఆనవాళ్ల పరిశీలన

కీలకపదాలు: మధ్యయుగ గ్రామం, మట్టి ఆనవాళ్లు, కుంగుబాట, ఇంటిదిబ్బ, గట్లు-చాళ్లు, భూపరివేష్టనం

1. ఉపోద్ఘాతం

ఇంగ్లండు మధ్యప్రాంతంలోని పలు గ్రామాల శివారులలో, పచ్చిక బీళ్ల నేల మిట్టపల్లాలుగా ఉంటుంది. ఏటవాలు ఎండలో ఆ మిట్టపల్లాలు వీధులుగా, ఇంటిస్థలాలుగా రూపుకడతాయి. ఒకప్పుడు ఊరు అంతవరకు విస్తరించి ఉండేదనడానికి అవి ఆనవాళ్లు. పూర్తిగా పాడుబడిన గ్రామం, స్థలం మారిన గ్రామం, కొంతభాగం కోల్పోయి ఇంకా నివాసమున్న గ్రామం అని పురావస్తు పరిశోధకులు వీటిని విభజిస్తారు. మూడవ రకమే కుంచించుకుపోయిన గ్రామం. మట్టి ఆనవాళ్లు ఏమి చెప్పగలవో, ఏమి చెప్పలేవో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. ఆనవాళ్ల స్వరూపం

మొదట గుర్తించదగినది కుంగుబాట. శతాబ్దాల తరబడి బండ్లు, పశువులు నడిచిన మట్టిదారిని వాననీరు కోసివేయగా అది ఇరువైపుల నేలకంటే లోతుగా దిగిపోతుంది. నేటి ఊరి వీధి బీడులోకి కుంగుబాటగా కొనసాగితే, ఊరి పూర్వవిస్తృతికి అది బలమైన సూచన. దానికి ఇరుపక్కలా కొద్దిగా ఎత్తైన దీర్ఘచతురస్రాకారపు ఇంటిదిబ్బలు, వాటి వెనుక చిన్న గట్లతో, కందకాలతో వేరుచేసిన పెరళ్లు ఉంటాయి. కొన్నిచోట్ల భూస్వామి భవనం చుట్టూ తవ్విన అగడ్త, చేపల చెరువులు కూడా మిగిలి ఉంటాయి.

వీటికి ఆవల గట్లు-చాళ్లు వరుసలుగా సాగుతాయి. నాటి నాగలి మట్టిని ఒకే పక్కకు తిరగవేసేది. మడిని చుట్టుతిరుగుతూ దున్నడం వల్ల మట్టి ఏటేటా నడిమికి చేరి గట్టయింది. పొడవైన ఎడ్లబారును మడి చివర మళ్లించడానికి రైతు ముందుగానే వంపు తీసుకునేవాడు. అందువల్ల గట్లు తిరగేసిన ఎస్ అక్షరంలా మెలిక తిరిగి ఉంటాయి.

3. కాలక్రమ నిర్ధారణ

ఏ ఆనవాలు దేనిపై ఉన్నదన్నది ఇక్కడ కీలకమైన ప్రశ్న. ఇంటిదిబ్బలను కోసుకుంటూ గట్లు-చాళ్లు సాగితే, ఇళ్లు పోయిన తరువాత ఆ స్థలం సాగులోకి వచ్చిందని అర్థం. అలా కాక పెరళ్ల సరిహద్దులు పాత చాళ్ల వంపును అనుసరిస్తే, జనాభా పెరిగిన కాలంలో ఊరు పొలాలపైకి విస్తరించిందని గ్రహించాలి. అంటే ఒకే బీడులో ఊరి పెరుగుదల, తరుగుదల రెండూ నమోదై ఉండవచ్చు.

అయితే ఈ క్రమం ముందువెనుకలను మాత్రమే తెలుపుతుంది. సంవత్సరాన్నీ కారణాన్నీ తెలుపదు. అందుకు తవ్వకాలు, లిఖితాధారాలు అవసరం. 1086 నాటి డోమ్స్‌డే గ్రంథం, 1334 నాటి పన్ను లెక్కలు, 1377 నాటి తలపన్ను జాబితాలు ఇందుకు ప్రధానాధారాలు.

4. క్షీణతకు కారణాలు

గ్రామాల క్షీణతకు 1348-49 నాటి మహామారియే కారణమన్న అభిప్రాయం ప్రచారంలో ఉంది. యార్క్‌షైర్‌లోని వారమ్ పెర్సీలో 1950 నుంచి 1990 వరకు మారిస్ బెరెస్‌ఫర్డ్, జాన్ హర్స్ట్‌ల నేతృత్వంలో జరిగిన తవ్వకాలు దీనిని సవరించాయి. ఆ ఊరు పూర్తిగా పాడుబడినదే అయినా, మహామారి తరువాత కూడా శతాబ్దానికి పైగా అక్కడ జనం నివసించారు. రోగం జనాభాను తగ్గించింది. సాగుకంటే గొర్రెల పెంపకం లాభసాటి కావడంతో భూస్వాములు పొలాలకు కంచెలు వేసి మేతబీళ్లుగా మార్చుకోవడం, అంటే భూపరివేష్టనం, మిగిలినవారిని వెళ్లగొట్టింది.

వార్విక్‌షైర్‌లోని వర్మ్‌లైటన్ ఇందుకు నిదర్శనం. 15వ శతాబ్దం చివర విలియం కోప్ అక్కడి భూములకు కంచెలు వేసి ఇళ్లను పడగొట్టించాడు. 1506లో గొర్రెల పెంపకందారు జాన్ స్పెన్సర్ ఆ ఊరిని కొన్నాడు. నేటి చిన్న గ్రామం మిట్టమీద ఉండగా, పాత ఊరి ఆనవాళ్లు పల్లంలో ఉన్నాయి. కుంచించుకుపోవడం, స్థలం మారడం ఇక్కడ కలగలిసి ఉన్నాయి. కనుక ఖాళీ ఇంటిదిబ్బలను చూసి అన్నిచోట్లా ఒకే కారణాన్ని ఆరోపించడం సమంజసం కాదు.

5. పరిరక్షణ

ఊరిని ఖాళీచేయించిన మేతబీడే దాని ఆనవాళ్లను కాపాడింది. పచ్చిక కింద మట్టి కదలలేదు. రెండవ ప్రపంచయుద్ధానంతరం యంత్ర సేద్యం అనేక స్థలాలను చదును చేసింది. 1979 నాటి ప్రాచీన కట్టడాల చట్టం కింద కొన్నింటికి రక్షణ లభించింది. నివాసగ్రామాన్ని ఆనుకొని ఉన్న ఆనవాళ్లకు మాత్రం కొత్త ఇళ్ల నిర్మాణం రూపంలో అదనపు ముప్పు ఉంది.

6. ముగింపు

తెలుగునాట నివాసం లేని గ్రామాన్ని రెవెన్యూ పరిభాషలో బేచిరాకు గ్రామం అంటారు. పాత ఊళ్ల దిబ్బల నుంచి పాటిమన్నును ఎరువుగా పొలాలకు తోలుకోవడమూ తెలిసినదే. ఆ మట్టితోపాటు ఇళ్ల పునాదులు, పెంకులు, వాటి పొరల క్రమమూ తరలిపోతాయి. మట్టి ఆనవాళ్లలో సాక్ష్యం వస్తువులలో మాత్రమే కాక అవి ఉన్న తీరులోనూ ఉంటుంది. కదిలించిన తరువాత ఆ తీరును తిరిగి నిర్మించలేము. కనుక తవ్వకం జరగకపోయినా, నేల ఎత్తుపల్లాలను ముందుగా కొలిచి పటాలలో నమోదు చేయడం ఇంగ్లండులోనైనా, ఇక్కడైనా తక్షణావసరం.