రెండు ఇంజన్లు, ఒకటే శ్రుతి

నేపర్‌విల్‌లో మనవాళ్ళకి కారు మైలేజీ సంగతి కొట్టినపిండి. పడవ సంగతి వేరు. మేం నలుగురు మిత్రులం కలిసి కొన్న పాత జంట ఇంజన్ల పడవలో కుడి ట్యాంకు ఎప్పుడూ ముందే ఖాళీ అయ్యేది. పిల్లాపాపలతో మిషిగన్ సరస్సు మధ్యకి వెళ్ళాక ఒక ఇంజన్ ఆగిపోతే?

ముందు చూడాల్సింది లీకు. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు, పడవ అడుగున పేరుకుంటుంది. ఒక్క నిప్పురవ్వ చాలు. అందుకే స్టార్ట్ చేసేముందు బ్లోయర్ కనీసం 4 నిమిషాలు నడపమంటుంది కోస్ట్ గార్డ్. మాకు వాసనా లేదు, లీకూ లేదు.

తర్వాత ట్యాంకుల మధ్య వాల్వు మూసి, రెండూ ఒకే గుర్తుదాకా నింపాం. తిరిగొచ్చి మళ్ళీ నింపితే పంపు లెక్కా అదే చెప్పింది. కుడిది నిజంగానే ఎక్కువ తాగుతోంది! మీటర్లు రెండూ 3,000 ఆర్‌పీఎం అంటున్నాయి. మోత మాత్రం అలలు అలలుగా వస్తోంది. శ్రుతి కలవని తంబూరా తీగల్లాగే, వేగం కలవని ఇంజన్లూ అలాగే మోగుతాయి. మెకానిక్ చేతి టాకోమీటరుతో కొలిస్తే కుడి ఇంజన్ 3,200 తిరుగుతోంది. దోషం మీటరుది! ఎక్కువ భారం లాగే ఇంజన్ ఎక్కువ తాగదా మరి?

మీటరు మార్చాక లెక్క సరిపోయింది. మీ పడవలో మీటర్లు బాగానే ఉంటే ప్రొపెల్లర్ రెక్కలు, థర్మోస్టాట్, ఇంజెక్టర్లు చూపించండి. ఏదేమైనా ఇంధనంలో మూడోవంతు వెళ్ళడానికి, మూడోవంతు రావడానికి, మిగతాది ఆపదకి.