అలంకార గడ్డి, బేరి చెట్టు: పెట్టుబడి లెక్కలో తేడాలు

నర్సరీ వ్యాపారంలో మొక్క కూడా సరుకే. అయితే మిర్చి, పసుపు బస్తాల వలె దానిని గోదాములో వేసి ధర వచ్చేదాకా ఆగడం సాధ్యం కాదు. ఈ సరుకు పెరుగుతుంది, ముదురుతుంది, పోషణ లేకపోతే చస్తుంది. అందువల్ల ఏ మొక్కలో ఎంత సొమ్ము ఎంత కాలం నిలిచిపోతుందో తెలియకుండా అడ్వాన్సులు ఇచ్చే వర్తకుడికి నష్టం తప్పదు. ఈ తేడా బాగా కనిపించే సరుకులు రెండు. ఒకటి కడియం నర్సరీల నుంచి లారీలకెక్కే అలంకార గడ్డి. రెండవది ఉత్తరాది చలి ప్రాంతాల బేరి చెట్టు. దీనినే హిందీ వ్యాపారులు నాష్‌పతి, నాఖ్ అంటారు.

గడ్డి: తిరిగే పెట్టుబడి

రాజమహేంద్రవరం చేరువలోని కడియం, కడియపులంక, బుర్రిలంక గ్రామాల నర్సరీలకు గోదావరి ఒండ్రు నేల, కాలువ నీరు ప్రధాన ఆధారాలు. ఫౌంటెన్ గడ్డి, పంపాస్ గడ్డి వంటి రకాలను దుబ్బు విడదీసి పెంచుతారు. అంటు కట్టే పని లేదు. ముదిరిన దుబ్బును తవ్వి, వేళ్లతో సహా పిలకలను వేరు చేసి సంచులలో నాటితే, ఎండ, నీరు సరిపడా ఉన్నప్పుడు కొన్ని నెలలలోనే అమ్మకానికి వస్తాయి.

లెక్క కోసం ఒక ఉదాహరణ తీసుకోవచ్చు. 100 దుబ్బులను ఒక్కొక్కటి నాలుగుగా విడదీస్తే 400 మొక్కలు. పదింట ఒకటి చచ్చిందనుకున్నా 360 మిగులుతాయి. తల్లి మొక్కలుగా 100 ఉంచుకుంటే 260 అమ్మకానికి సిద్ధం. అసలు సరుకు తరగకుండానే అమ్మకం సాగుతుంది. చర పెట్టుబడి అంటే వర్తకులు చెప్పుకునేది ఇదే.

ఇందులోనూ చిక్కులు లేకపోలేదు. ఎర్ర ఆకుల రకాలు, చారల ఆకుల రకాలు విత్తనం నుంచి అదే రంగుతో రావు. వాటిని పిలకల ద్వారానే పెంచాలి. విత్తన మొక్కలను ఆ పేరుతో అంటగడితే లోటు నాటిన తరువాత గాని బయటపడదు. గడ్డి పేరుతో అమ్ముడయ్యేవన్నీ గడ్డి కావు కూడా. మోండో గడ్డి అనేది ఆస్పరాగస్ కుటుంబానికి చెందిన మొక్క. దానికి కొంత నీడ కావాలి, పెరుగుదల నిదానం. ఫౌంటెన్ గడ్డి లెక్కన దానికి గడువు ఒప్పుకుంటే సరఫరా సమయానికి అందదు.

బేరి: నిలిచిపోయే పెట్టుబడి

బేరి వ్యవహారం ఇందుకు పూర్తిగా భిన్నం. కశ్మీర్, హిమాచల్ ప్రదేశ్, ఉత్తరాఖండ్, పంజాబ్‌లు దేశంలో దీని ముఖ్య సాగు ప్రాంతాలు. దక్షిణాదిన నీలగిరులు, కొడైకెనాల్ కొండలలో కొంత సాగు ఉన్నది. మొక్కను కైంత్ అనే అడవి బేరి వేరు మొక్కపై అంటు కట్టి తయారు చేస్తారు. తోటలో నాటిన తరువాత రకాన్ని, వేరు మొక్కను బట్టి నాలుగు నుంచి ఏడేళ్ల వరకు చెప్పుకోదగిన కాపు రాదు. ఈ కాలమంతా కూలి, ఎరువు, నీరు, కాపలా ఖర్చులే గాని పండ్ల మీద రాబడి ఉండదు. మధ్య సాళ్లలో పప్పు ధాన్యాలు, కూరగాయలు వేసి రైతులు కొంత పూడ్చుకుంటారు. కాపు మొదలైతే మాత్రం దశాబ్దాల పాటు సాగుతుంది.

మరో ముఖ్య విషయం పరాగ సంపర్కం. బార్ట్‌లెట్ వంటి రకాలు ఒంటరిగా నాటితే పూత బాగానే ఉన్నా కాయ సరిగా నిలవదు. అదే సమయంలో పూసే వేరొక రకం తోటలో ఉండాలి, తేనెటీగలు తిరగాలి. ఒకే రకం మొక్కలు వంద కొనేవానికి ఈ మాట చెప్పని దళారి, నాలుగేళ్ల తరువాత వచ్చే తగాదాను ఇప్పుడే కొనితెచ్చుకున్నట్లు.

చలి గంటల లెక్క

కోస్తా వర్తకులు అన్నిటికన్నా ముందు చూడవలసినది చలి. బేరి చెట్టు శీతకాలంలో ఆకు రాల్చి నిద్రపోతుంది. సుమారు 7 డిగ్రీల సెల్సియస్ లోపు చలి తగినన్ని గంటలు తగిలితేనే మొగ్గ సరిగా విచ్చుతుంది. బార్ట్‌లెట్ వంటి యూరోపియన్ రకాలకు సుమారు 800 గంటలు, అంతకు పైన కావాలి. పంజాబ్ మైదానాలలో పండే పత్థర్‌నాఖ్ వంటి గట్టి కాయ రకాలకు చాలా తక్కువ చలి చాలు. మైదానాలలో బేరి సాగు నిలవడానికి కారణం అదే.

కడియం పరిసరాలలో డిసెంబరు, జనవరి రాత్రులలో సైతం ఈ చలి ఉండదు. అక్కడ సంచిలో బేరి మొక్క పచ్చగానే కనిపించవచ్చు, ఆకులూ వేయవచ్చు. కాపు మాత్రం ఆశించరాదు. లంబసింగి వంటి మన్యం ప్రాంతాలలో కొన్ని రాత్రులు బాగా చలి పడుతుంది. కాని కావలసినది నాలుగు రాత్రుల చలి కాదు, శీతకాలం మొత్తం మీద గంటల కూడిక.

గడ్డికి ఈ సూత్రం తిరగబడి వర్తిస్తుంది. నీలి ఫెస్క్యూ వంటి చల్లదనం కోరే గడ్డి ఊటీలో నిలుస్తుంది, కోస్తా వేసవిలో మాడిపోతుంది.

పోషణ ఖర్చులు

గడ్డికి ఏడాదికి ఒకసారి దుబ్బును జానెడు ఎత్తుకు కోయడం, రెండు మూడేళ్లకోసారి విడదీయడం ముఖ్యమైన పనులు. నీరు నిలిస్తే వేళ్లు కుళ్లుతాయి. నత్రజని ఎక్కువైతే దుబ్బు వాలిపోయి అందం చెడుతుంది. ఈ పనులకు మామూలు కూలీ చాలు.

బేరికి నైపుణ్యం గల పనివాడు కావాలి. కాయ ఎక్కువగా రెండేళ్లు, అంతకు పైబడిన కొమ్మల మీది పొట్టి రెమ్మలపై కాస్తుంది. తెలియక ఆ రెమ్మలను కత్తిరిస్తే రాబోయే పంటను కత్తిరించినట్లే. శాన్ జోస్ పొలుసు పురుగుకు శీతకాలంలో నూనె మందు కొట్టాలి. ఇక్కడా నత్రజని అతి అయితే కొమ్మ పెరుగుతుంది, కాయ తగ్గుతుంది.

రవాణా, నిల్వ

గడ్డి సంచులు లారీలో వల కింద, నీరు చల్లుకుంటూ దాదాపు ఏడాది పొడుగునా వెళ్తాయి. అమ్ముడు కాకుంటే సంచి మార్చే ఖర్చు పడుతుంది, అయినా దుబ్బు పెరిగి మళ్లీ విడదీయడానికి వస్తుంది. బేరి అంటు మొక్కలు శీతకాలపు నిద్రలో, మట్టి లేని వేళ్లతో, తడి గోనెలో కట్టి పంపేవి. మొగ్గ విచ్చకముందే చేరి నాటుకోవాలి. ఆ గడువు దాటితే సరుకు విలువ దాదాపు సున్నా.

పండు సంగతి వేరు. యూరోపియన్ రకాలను చెట్టు మీద పండనీయరు. అలా వదిలితే లోపలి గుజ్జు ముందే చెడుతుంది. పచ్చిగా కోసి, సున్నా డిగ్రీల సమీపంలో శీతల గిడ్డంగిలో ఉంచితే నెలల తరబడి నిలుస్తుంది. పంజాబ్ సరుకు జులై నుంచి, కశ్మీర్ సరుకు ముఖ్యంగా ఆగస్టు, సెప్టెంబరులలో రావడం వల్ల హైదరాబాద్ పండ్ల వర్తకులకు వినాయక చవితి గిరాకీ కలిసివస్తుంది.

ఎగుమతి, దిగుమతి అడ్డంకులు

ఫౌంటెన్ గడ్డి జాతి ఒకటి స్థానిక మొక్కలను అణచివేస్తుందని యూరోపియన్ యూనియన్ 2017లో హానికర జాతుల జాబితాలో చేర్చింది. పంపాస్‌కు దగ్గరి జాతి ఒకటి 2019లో చేరింది. ఎగుమతి ఆర్డర్లు తీసుకునేవారు బజారు పేరు గాక శాస్త్రీయ నామం చూడాలి. బేరిలో అడ్డంకి దిగుమతి వైపున వచ్చింది. తెగుళ్ల కారణంగా 2017లో చైనా బేరి, ఆపిల్ దిగుమతులను భారత్ నిలిపివేసింది.

బేరంలో చూడవలసినవి

గడ్డిలో ప్రధాన ముప్పు వసూళ్లు. వెంచర్లు, హోటళ్ల కాంట్రాక్టర్లకు అరువు ఇస్తే, నెలల్లో తయారైన సరుకు సొమ్ము నెలల తరబడి ఆగిపోవచ్చు. గనుక గడువు తక్కువ పెట్టుకోవాలి. బేరిలో ముప్పు మొక్క పుట్టుక. రకం పేరు, వేరు మొక్క పేరు, జత రకం, చలి గంటలు, ఈ నాలుగూ బిల్లు మీద రాయించుకోవాలి. నాటిన రైతుకు తప్పు తెలిసేసరికి నాలుగైదేళ్లు గడుస్తాయి. అప్పటికి అమ్మినవాడి చేతిలో కమీషను ఉంటుంది, రైతు చేతిలో కాయని చెట్లు ఉంటాయి. వర్తకుడి పేరు ఆ ఊళ్లో నిలిచేదీ పోయేదీ ఆ బిల్లుతోనే.