వేటకు వెళ్లిన దంపతులు: నెక్కొండ నుండి నమీబియా వరకు

ఆర్మూరు సిద్ధుల గుట్ట మీద నిలుచుండి చూచినచో పసుపు చేలును, వాని నడుమ అంతరపంటగా పెరిగిన మక్కయు కానవచ్చును. ఉత్తరమున గోదావరి కలదు. ఆవలి ఒడ్డున నిర్మల, ఆదిలాబాదు అడవులు. మక్క పాలు పోసుకొను దినములలో రాత్రియైనచో అడవిపందుల మంద చేనిలో దిగును. మేమును చిన్ననాడు మంచె నెక్కి, డబ్బా మ్రోగించుచు తెల్లవార్లు కావలి కాచిన వారమే. కనుక వేట యనగా వినోద మొక్కటియే మాకు స్ఫురింపదు.

నేడు ఆఫ్రికా దక్షిణ భాగమునకు దూరదేశముల దంపతులు కలిసి వేటయాత్రకు పోవుచున్నారు. ఆ యాత్ర ఎట్లు జరుగును? మన గడ్డ మీద అట్టిది జరిగినదా?

జరిగినది. 1902 ఏప్రిలులో వైస్రాయి లార్డు కర్జను, ఆయన భార్య మేరీ కర్జను వరంగల్లు ప్రాంతమున నెక్కొండ వద్ద పులివేటకు విడిది చేసిరి. అప్పటి నైజాము మీర్ మహబూబ్ అలీఖాన్ స్వయముగా పులివేటలో ప్రసిద్ధుడు. చచ్చిన పులితో ఆ దంపతులు దిగిన ఛాయాచిత్రము నేటికిని నిలిచియున్నది. దానిని చూచువారికి దంపతులును, పులియును కంటబడుదురు. పులిని తుపాకి ముందరకు తెచ్చిన వారి శ్రమ కంటబడదు.

ఆనాటి పద్ధతి ఇట్టిది. ఎండకాలమున వాగులు ఎండి, మడుగులు మాత్రము మిగులును. పులి నీటికి దూరముగా పోజాలదు. అందుచేతనే ఏప్రిలు, మే నెలలు వేటకు అనువైనవి. గ్రామపు వేటగాండ్రు ఇసుకలో అడుగుజాడలు గుర్తించి, ఆ దారిలో దున్నపడ్డలను ఎరగా కట్టుదురు. పులి ఎరను చంపి తిని, ఎండవేళ దాపునే నీడను పండుకొనును. అప్పుడు పల్లెజనము అర్ధచంద్రాకారముగా నిలిచి, డప్పులు మ్రోగించి, కేకలు వేయుచు దానిని ముందునకు తోలుదురు. ఎదుట మంచె మీద అతిథి తుపాకితో కూర్చుండును. గురి తప్పి పులి గాయపడెనా, పొదలలో దానిని వెదకువారికి ప్రాణగండమే. మంచె మీది వారికి కీర్తి, నేల మీది వారికి గండము: ఇదియే నాటి పంపకము.

ఇక ఆఫ్రికా సంగతి. దక్షిణాఫ్రికాలో విదేశీయుడు తనంత తాను వేటాడరాదు. అనుమతి పొందిన సంస్థ యాత్రను ఏర్పరుపవలెను; అనుమతి గల వృత్తివేటగాడు వెంట నుండవలెను. మొదట విడిదిలో గుడ్డపై కాల్చి తుపాకి గురి సరిచూతురు. తెల్లవారుజామున జాడగాండ్రు ముందు నడువగా, గాలి తమ వాసనను మృగము వైపు మోయకుండ చూచుకొని పోవుదురు. ఏ జంతువును కాల్చవలయునో చెప్పువాడు వృత్తివేటగాడే. ఒక్కొక్క జంతువునకు ఒక్కొక్క వెల. రక్తపు చుక్క కనబడినచో, జంతువు దొరకకున్నను, వెల చెల్లించుట సాధారణ నియమము. దంపతులలో ఒకరు వేటాడి, రెండవవారు కేవలము చూచుటయు కలదు. అట్టివారి రుసుము తక్కువ.

ఇది తగునా యను వివాదము తీరలేదు. కెన్యా 1977లో వేటను నిషేధించినది. బోట్స్వానా 2014లో నిషేధించి, 2019లో ఎత్తివేసినది. నమీబియా 1996 నాటి చట్టముచే గ్రామసమాజములకు తమ నేలలోని వన్యమృగములపై హక్కు నిచ్చినది; వేటవలన వచ్చు సొమ్ములో భాగమును, మాంసమును వారికి చెందును. మృగము బ్రతికియున్నచో తమకు లాభమని తెలిసినవాడు ఉరి పన్నడని వారి వాదము. సొమ్ము పల్లెవరకు చేరునా, వేటగాండ్రు మేలైన మగవానినే చంపుట జాతికి చేటు కాదా యని ఎదుటివారి ప్రశ్న. రెండును ఆలోచింపదగినవే.

మన దేశము వేరొక దారి పట్టినది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టము వేటను కట్టడి చేసెను. 1973లో పులుల రక్షణకు ప్రత్యేక పథకము వచ్చినది. నైజాముల వేటభూమియైన పోచారము నేడు అభయారణ్యము. గోదావరి కావల కవ్వాలు 2012లో పులుల అభయారణ్యమైనది. వేట వినోదము పోయినది. పందుల బాధ పోలేదు.

ఇచటనే మేము ముఖ్యమైన మాట చెప్పవలెను. కొందరు చేని చుట్టు తీగ చుట్టి, ఇంటి కరెంటు కలుపుచున్నారు. ఆ తీగకు పంది యేది, పులి యేది, తెల్లవారి నీరు పెట్టవచ్చిన పొరుగు రైతు ఎవ్వడు అను భేదము తెలియదు. అది వేట కాదు, హత్య. సౌరశక్తి కంచె వేరు. అది క్షణమాత్రము అదురు నిచ్చి తరుమునే గాని పట్టి చంపదు. పంటకు హాని కలిగించు మృగమును తొలగించుటకు చట్టములోని 11వ సెక్షను క్రింద ప్రధాన వన్యప్రాణి సంరక్షకుని గాని, ఆయన అధికార మిచ్చిన ఉద్యోగిని గాని అనుమతి కోరవచ్చును.

నెక్కొండ మంచెకును మక్కచేని మంచెకును పేరొక్కటే. మొదటిది మాయమైనది. రెండవదాని మీద నేటి రాత్రియు ఒక రైతు మేలుకొని యుండును. అతని పంటయు నిలువవలెను, అడవియు నిలువవలెను. అతని తీగ వలన మరియొక యింటి దీపము ఆరరాదు.